మైకులో చెప్పిన మాట

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా కోడలు ఫోను పట్టుకుని నా మంచం దగ్గరకొచ్చి కూర్చుంది. చూడండత్తా, కన్నీళ్ళొస్తాయి అంటూ ఒక వీడియో పెట్టింది. రంగుదీపాల వేదిక మీద ఇంచుమించు నా వయసావిడ ఒకామె పట్టుచీర కట్టుకుని నిలబడి, ఏళ్ళ తరబడి తనను పట్టి పీడించిన చక్కెర జబ్బు ఒక్క ప్రార్థనతో పోయిందనీ, ఆ రోజే మాత్రలూ సూదులూ తీసుకెళ్ళి చెత్తకుండీలో పారేసిందనీ చెబుతోంది. జనం చప్పట్లు కొడుతున్నారు, వెనకాల కీబోర్డు మోగుతోంది, పక్కన కోటు తొడుక్కున్న కుర్ర బోధకుడు కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు. కట్టెయ్యమ్మా అన్నాను. కోడలు వినిపించుకోలేదు. కట్టెయ్యమంటుంటే, అని అరిచాను. తిరుపతికి వచ్చి ఈ అపార్టుమెంటులో చేరాక నేను గొంతెత్తడం ఆ పిల్ల ఎన్నడూ వినలేదు. బిత్తరపోయి ఫోను ఒళ్ళో పెట్టుకుని, మీరూ ప్రార్థన చేసే మనిషే కదత్తా, దేవుడు బాగుచేశాడంటే మీకెందుకంత కోపం అని అడిగింది.

ఎందుకో అప్పటికప్పుడు చెప్పలేకపోయాను. కోపం వస్తే నాకు మాట సరిగా రాదు, చెప్పాలనుకున్నది చెల్లాచెదురైపోతుంది. అందుకని ఇలా తీరుబడిగా రాస్తున్నాను. రేకుల మందిరంలో చాపల మీద కూర్చుని, కరెంటు పోతే మైకు లేకుండానే గొంతులు కలిపి పాడుకున్న నా ఈడువాళ్ళు చదివితే నా కోపం సంగతి వాళ్ళకు అర్థమవుతుందని నా ఆశ. అర్థం కాకపోయినా ఫరవాలేదు, ఆ కోపాన్ని నేనిప్పుడు తగ్గించుకోబోవడం లేదు.

మా పుట్టిల్లు కార్వేటినగరం. నాయన బడిపంతులు, నేనూ ఆ దారిలోనే పంతులమ్మనయ్యాను. తొంభైల మొదట్లో పెళ్ళయి నగరి వచ్చాను. నగరి అంటే మగ్గాల ఊరని తెలుసు గానీ, ఊరు ఊరంతా ఒకే చప్పుడుగా ఉంటుందని కాపురానికి వచ్చిందాకా తెలియదు. తెల్లారింది మొదలు మా వీధిలో ప్రతి ఇంటి గోడ వెనకా మరమగ్గం ఆడుతుండేది. వచ్చిన కొత్తలో తల పగిలిపోయేది. కొన్నాళ్ళకు అలవాటై, పండగపూట మగ్గాలు ఆగితే ఏదో అశుభం జరిగినట్టు గుండె గుభేలుమనేది. ఆ వీధిలో నుంచొని తలెత్తితే ముక్కులాంటి కొండ కనిపిస్తుంది. మద్రాసు రైలెక్కేవాళ్ళు ఆ ముక్కును చూసి ఊరు దాటామనుకుంటారు, దిగేవాళ్ళు దాన్ని చూసి ఇల్లు చేరామనుకుంటారు.

మా మామ అక్కడి చర్చిలో సంఘపెద్ద. ఆయన గురించి మంచి కూడా చెప్పాలి, చెప్పకపోతే నేనూ అబద్ధమాడినట్టే. మా మందిరం గోడలు లేచేటప్పుడు కూలివాళ్ళతో సమానంగా ఇటుకలు మోసిన మనిషి. వానొచ్చి రేకులు కారితే అర్ధాంతరంగా భోజనం మీద నుంచి లేచిపోయి గిన్నెలు పెట్టి వచ్చేవాడు. తాగుడు ఎరగడు, ఎవరి సొమ్మూ ఆశించడు. ఆయన నమ్మిందల్లా ఒక్కటే, సంఘం పెద్దదవ్వాలి, నలుగురూ మన మందిరం వైపు చూడాలి. ఆ ఆశ తప్పని నేనెప్పుడూ అనలేదు. ఆ ఆశ కోసం ఆయన ఏం చేశాడో ముందు ముందు చెబుతాను.

అప్పుడున్న ముసలి పాస్టరయ్య, టీచరమ్మవు కదా, ఆరాధన అయ్యాక పెద్దవాళ్ళకు ఒక తరగతి చెప్పమ్మా అని నన్ను అడిగారు. చిన్నపిల్లలకు సండే స్కూలు అన్ని చోట్లా ఉంటుంది, పెద్దవాళ్ళకు పాఠం చెప్పడం మా ఊళ్ళో అదే మొదలు. వచ్చేది ఎక్కువగా ఆడవాళ్ళు, మగ్గాలకు నూలు కండెలు చుట్టేవాళ్ళు, ఇళ్ళల్లో మగ్గాలు చూసుకునేవాళ్ళు, చాలామందికి చదువు రాదు. నేను చదివి చెబితే వాళ్ళు వినేవాళ్ళు. వినేవాళ్ళంటే తలలూపేవాళ్ళు కాదు. ఇదెట్ల కుదురుతుంది టీచరమ్మా అని అడిగేవాళ్ళు, నువ్వు చెప్పింది మా ఇంట్లో జరిగే పని కాదు అని మొహం మీదే అనేవాళ్ళు. బడిలో నా ముందు పిల్లలు నోరెత్తేవాళ్ళు కాదు గనక, నిజంగా పాఠం చెప్పడమంటే ఏమిటో నాకు ఆ చాపల మీదే తెలిసింది. ఇంట్లో ఆదివారం వంట ఆలస్యమవుతుందని మా ఆయన సణిగినా నేను ఆ తరగతి మానలేదు.

ఆ తరగతిలో అందరికన్నా ముందు వచ్చి చాపలు పరిచేది మా చిన్నత్త. మా అత్తకు స్వయానా చెల్లెలు. మా అత్త చిన్నవయసులోనే పోతే, అప్పటికే భర్తను పోగొట్టుకుని కూతుర్ని చంకనేసుకుని ఉన్న చిన్నత్త, బావ ఇంటి పక్కనే ఒక గది తీసుకుని మా ఆయన్ను కూడా తన బిడ్డలాగే పెంచింది. రోజంతా రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. నూలు దుమ్ము ఆమె కనుబొమల మీద తెల్లగా పేరుకుని ఉండేది, తుడుచుకోమంటే నవ్వేది. బావ మాటంటే ఆమెకు దైవాజ్ఞ. ఆయన ఎదురుపడితే కొంగు భుజం మీదుగా కప్పుకుని గోడవార నిలబడేది.

ఒక వానాకాలం ఆమెకు దగ్గు పట్టుకుంది. నూలు దుమ్మేలే అనుకున్నాం. తర్వాత నెత్తురు పడింది. నేనే బడికి సెలవు పెట్టి సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయాను. కళ్ళె పరీక్ష చేసి టీబీ అన్నారు, నెలల తరబడి మాత్రలు మింగాలి, దగ్గు తగ్గింది కదా అని మధ్యలో ఆపితే మళ్ళీ వస్తుంది, ఆ వచ్చేది ఇంకా మొండిదై వస్తుంది అని మాత్రలిచ్చే ఆయన గట్టిగా చెప్పాడు. ఆ మాత్రలు మింగితే కడుపులో తిప్పేది, మూత్రం ఎర్రగా వచ్చేది, అన్నం సయించేది కాదు. అయినా చిన్నత్త ఒక్క పూట తప్పలేదు. మాత్ర అరచేతిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, నీళ్ళతో మింగేది. సంఘమంతా ఆమె కోసం ఉపవాసాలుండి ప్రార్థనలు చేసింది, అదీ నిజమే. ప్రార్థనా మాత్రా ఆమెకు వేరువేరు కావు, ఒకే చేతి నుంచి వచ్చినవి. ఆమె కోలుకుని, ఒంటి మీద కాస్త కండ పట్టి, మళ్ళీ చాపలు పరచడం మొదలుపెట్టిన రోజుల్లోనే నాకు ఐరాల వైపు బదిలీ అయింది. పిల్లవాణ్ణి తీసుకుని అక్కడే ఇల్లు తీసుకున్నాను. తరగతి ఆగిపోయింది. పండగలకు వచ్చి పోతుండేదాన్ని.

నేను లేని ఆ కాలంలోనే ముసలి పాస్టరయ్య కాలం చేశారు, ఆయన చోట ఒక కుర్ర అయ్యగారు వచ్చారు. మద్రాసు వైపు చదువుకున్న మనిషి, మంచి గొంతు, మాటకు ముందు చిరునవ్వు. ఆయన వచ్చాక పెద్ద స్పీకర్లు వచ్చాయి, కీబోర్డు వచ్చింది, చుట్టుపక్కల ఊళ్ళల్లో స్వస్థత కూటాలు మొదలయ్యాయి. మా మామ ఇన్నాళ్ళూ కలగన్నది కళ్ళముందుకు వచ్చింది. నాకప్పుడు ఎవరూ చెప్పని సంగతి, తర్వాత చిన్నత్త నోటనే విన్నది ఏమిటంటే, కూటాలకు సాక్ష్యం కావలసి వచ్చింది. బాగుపడిన మనిషి ఒకరు జనానికి కనిపించాలి. ముందు, ప్రార్థనతో బాగయ్యానని మాత్రం చెప్పమ్మా, మాత్రల మాట ఎత్తడం ఎందుకు, అది అబద్ధం కాదుగదా అన్నారట. ఆమె అట్లాగే చెప్పింది. ఆ తర్వాతి ఊళ్ళో, డాక్టర్లు చేతులెత్తేశారని చెప్పమన్నారు. ఆ తర్వాత, విశ్వాసంతో మాత్రలు పారేశానని చెప్పమన్నారు. వద్దు బావా అంటే, నువ్వు బతికింది నీ కోసమా, దేవుడి మహిమ కోసమా అని మా మామ కళ్ళెర్రజేశాడట. వ్యానులో కూర్చోబెట్టుకుని ఊరూరా తిప్పారు. బైబిలు చేతబట్టుకుని, దేవుడి పేరు చెప్పి, నోట్లో నాలుక లేని మనిషి చేత అంచెలంచెలుగా అబద్ధం పలికించడం నేర్పారు.

నేను నగరికి తిరిగి బదిలీ చేయించుకుని వచ్చింది రెండువేలు దాటాక. వచ్చీ రాగానే తరగతి మళ్ళీ పెడతానంటే కొత్త అయ్యగారు సంతోషంగా ఒప్పుకున్నారు. అంతకు ముందులాగే చాపలు, అంతకు ముందులాగే వాదనలు. ఒక ఆదివారం పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం చెప్పకూడదన్న ఆజ్ఞ పాఠంగా వచ్చింది. నిజాయితీ అంటే పెద్ద పెద్ద మాటలు వద్దు, మనం రోజూ ఆడే అబద్ధాలు చెప్పుకుందాం, దానివల్ల ఎవరికి ఏం జరుగుతుందో చూద్దాం అన్నాను. ఇక చూసుకోండి, నవ్వులే నవ్వులు. ఒకామె అత్తకు తెలియకుండా పాలు తాగేసి పిల్లి మీద పెడతానంది. ఇంకొకామె, లుంగీల రంగు పోతుందని తెలిసీ మద్రాసు షావుకారుకు పోదని చెబుతామంది, ఆ లుంగీ కొనుక్కున్నవాడి బనియన్లన్నీ ఏ రంగులోకి మారి ఉంటాయో అని అందరూ పడీపడీ నవ్వారు. నవ్వు సద్దుమణిగాక, గోడవార కూర్చున్న చిన్నత్త మెల్లగా నోరు విప్పింది.

"అమ్మణ్ణీ, దేవుడికి మంచిపేరు రావాలని సెప్పే అబద్ధం గూడా అబద్ధమేనా?"

అబద్ధమే చిన్నత్తా, అన్నాను. దేవుడు మన అబద్ధం మీద ఆధారపడి బతకడం లేదు, ఆయన పేరు పెట్టి అబద్ధమాడితే అది మామూలు అబద్ధం కన్నా పెద్దది, ఎందుకంటే వినేవాడు మనల్ని కాదు, ఆయన్ను నమ్మి మోసపోతాడు అన్నాను. ఆ మాట అనేటప్పుడు నా మనసులో ఏమీ లేదు, పాఠంలో భాగంగానే అన్నాను. ఆమె తల దించుకుంది. తరగతి అయ్యాక చాపలు చుట్టకుండానే వెళ్ళిపోయింది. అట్లా వెళ్ళడం అదే మొదటిసారి.

ఆ మధ్యాహ్నం మా వంటింటికి వచ్చి పీట మీద కూర్చుని, పైన చెప్పిందంతా చెప్పింది. చెప్పి ఏడవలేదు. అసలు సంగతి ఇంకా ఉందని నాకు అప్పుడు అర్థమైంది. ఆమె కూతురి మొగుడు, మరమగ్గం మీద పనిచేసే మనిషి, ఇద్దరు బిడ్డల తండ్రి, కొన్నాళ్ళుగా దగ్గుతున్నాడు. అదే జబ్బు. సర్కారు మాత్రలు కొంతకాలం మింగాడు. తర్వాత కూటాల్లో అత్త సాక్ష్యం విని, ఇంటికొచ్చి, మిగిలిన మాత్రలు మురిక్కాలవలో పోసి, స్తోత్రం అన్నాడట. చిన్నత్త పరిగెత్తుకుంటూ పోయి, నేను పారెయ్యలేదయ్యా, అన్నీ మింగినాను, నువ్వు గూడా మింగు అని చేతులు పట్టుకుంది. అతను నవ్వాడట.

"మైకులో సెప్పినావు గదత్తా. అంతమంది ముందర సెప్పింది అబద్ధమై, ఈడ వంటింట్లో సెప్పేది నిజమా? నా విశ్వాసాన్ని పరీక్ష జేస్తా ఉండావా?"

అదీ ఆమె గొంతులో ఇరుక్కున్న ముల్లు. వంటింట్లో చెప్పే నిజానికి మైకులో చెప్పిన అబద్ధం ముందు విలువ లేదు. మైకులో చెప్పింది మళ్ళీ మైకులోనే వెనక్కు తీసుకుంటే తప్ప అల్లుడు నమ్మడు. నేను కూడా వెళ్ళి అతనికి చెప్పి చూశాను, ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయింది నేనే కదయ్యా, మాత్రలు మింగడం నా కళ్ళతో చూశాను అన్నాను. మర్యాదగానే విన్నాడు. మీరు చదువుకున్నోళ్ళు, మీకు డాక్టర్ల మీద నమ్మకం జాస్తి అన్నాడు. అతని భార్య, అంటే నాకు ఆడబిడ్డ వరస, తలుపు చాటు నుంచి నన్ను కోపంగా చూసింది.

నేనూ చిన్నత్తా కలిసి అయ్యగారి దగ్గరికి పోయాం. మా మామ కూడా అక్కడే ఉన్నాడు. ఆమె ధైర్యం కూడగట్టుకుని, రాబోయే కూటాల్లో ఒక్క మాట చెప్పనీయమంది, మాత్రలు మింగినానని చెబుతాను, అంతే, ఎవరినీ తప్పు పట్టను అంది. అయ్యగారు చిరునవ్వుతోనే, అమ్మా, మీరు మింగిన సంగతి దేవుడికి తెలుసు, జనానికి తెలియాల్సిన పని లేదు అన్నారు. మాత్రలు పారేస్తున్నది జనమే కదండీ అన్నాను నేను. ఆ చిరునవ్వు అప్పుడు పోయింది. ఇకమీదట ఆమె సాక్ష్యం చెప్పనక్కర్లేదు, ఊరుకుంటే చాలు, కాలక్రమాన జనం మరచిపోతారు అన్నారు. మా మామ అంతవరకూ నేల చూస్తున్నవాడు లేచి నిలబడి, ఇంగ మన మందిరం మాట ఎవురు నమ్ముతారు, తలెత్తుకోని తిరగాల్నా వద్దా అని మరదలి మీద అరిచాడు. అల్లుడి ప్రాణం సంగతి ఆ గదిలో మేమిద్దరం తప్ప ఎవరూ ఎత్తలేదు. అతనికి వాళ్ళు ప్రార్థన చేస్తారట. ప్రార్థన వద్దని ఎవరన్నారు? మాత్ర మింగి ప్రార్థన చేసుకోమని అయ్యగారు ఒక్క మాట అంటే, ఒకే ఒక్క మాట, ఆ మనిషి మర్నాడే ఆసుపత్రి మెట్లెక్కేవాడు. ఆ మాట అనడానికి ఆయనకు ఖర్చయ్యేది ఏముంది? కొంచెం పేరు. అంతే.

కూటాల ఆఖరి రోజు పొద్దున బడి మైదానంలో పందిరి నిండా జనం. కార్వేటినగరం, పుత్తూరు వైపు నుంచి కూడా ఆటోల్లో వచ్చారు. సాక్ష్యాల వేళ అయ్యగారు వేరే ఎవరినో పిలుస్తుండగా చిన్నత్త తానే లేచి మెట్లెక్కింది. ఆమె తెలిసిన మొహమే గనక కుర్రాళ్ళు ఆపకుండా మైకు చేతికిచ్చారు. నేను ఆడవాళ్ళ వరసలో ఉన్నాను. ఆమె మైకును రెండు చేతులా పట్టుకుంది.

"నాకు టీబీ వచ్చిన మాట నిజం. దేవుడు నన్ను బతికించిన మాట నిజం. మాత్రల్తో బతికించినాడు. ఒక్కటి గూడా పారెయ్యలా నేను. పారేసినానని మీకు సెప్పింది అబద్ధం."

అంతలో మైకు కట్టేశారు. కీబోర్డు వాయించే అబ్బాయికి ఎవరో సైగ చేస్తే పెద్దగా పాట ఎత్తుకున్నాడు. ఆమె మైకు కింద పెట్టేసి, బావ ముందు ఏనాడూ గొంతు పెగలని ఆ మనిషి, జబ్బుపడి లేచిన ఆ ఊపిరితిత్తులతోనే ఆ పాట మీదుగా కేకపెట్టింది.

"మాత్రలు నిలిపేసినోల్లు పోయి మల్లా తెచ్చుకోండి! అల్లుడూ, నీకే సెప్తా ఉండాను, నా మాట ఇను!"

మా మామ చెయ్యి పట్టుకుని ఆమెను మెట్ల మీద నుంచి దించాడు. దించాడు అని మర్యాదకు రాస్తున్నాను, లాగాడు. ఆమె చెప్పు ఒకటి వేదిక మీదే ఉండిపోయింది. జనంలో కొందరు స్తోత్రం, స్తోత్రం అంటున్నారు, దేనికంటున్నారో వాళ్ళకే తెలియదు. కొందరు లేచి పోయారు. అల్లుడు మగవాళ్ళ వరసలో నుంచి లేచి, ఆమె వైపు చూడకుండా బయటికి నడిచాడు.

ఆ తర్వాత జరిగినవి ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోతే నా రక్తం మరుగుతుంది, అందుకని గబగబా చెబుతాను. చిన్నత్తను ప్రభువు బల్లకు, అంటే రొట్టె పంచే వేళకు, రావద్దన్నారు. అబద్ధమాడుతూ తిరిగినన్నాళ్ళూ ఆమె ముందువరసలో కూర్చుని రొట్టె తీసుకుంది, నిజం చెప్పిన వారమే అపవిత్రురాలైంది. నా తరగతి నిలిపేశారు. మందిరం తలుపుకు ఆరాధన ముగియగానే తాళం పడేది. ఆమెకు కండెలు ఇచ్చే మగ్గాల ఇంటివాళ్ళు మా సంఘంవాళ్ళే గనక, ఏ గొడవా లేకుండా నూలు ఇవ్వడం మానేశారు. రాట్నం మూలన పడింది. మా మామ మా ఇంట్లో భోజనం మానేసి హోటలు నుంచి తెప్పించుకునేవాడు. మా ఆయన, పాపం, తండ్రికీ పెంచిన తల్లికీ మధ్య నలిగిపోయి, చివరికి ఒకరోజు చిన్నత్త పెట్టెను తానే మోసుకొచ్చి మా ఇంట్లో పెట్టాడు. ఆ పని చేసినందుకు ఆయన మీద నాకున్న గౌరవం ఆయన పోయినా పోలేదు.

అల్లుడు వెంటనే కాకపోయినా, నెత్తురు ఎక్కువైనాక ఆసుపత్రికి పోయాడు. జబ్బు ముదిరిందని తిరుపతి పెద్దాసుపత్రికి పంపారు. ఎముకల గూడులా ఉన్న అతని మంచం పక్కన నేనొక పూట కూర్చున్నాను. అత్త మాట ముందే వినుంటే బాగుండేదేమో అన్నాడు. అది నేను నా చెవులారా విన్నాను. అప్పుడు అతని భార్య కింద మందుల కోసం వరసలో నిలబడి ఉంది, ఆమె వినలేదు. తర్వాత నేనెన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. కొద్దిరోజులకే అతను పోయాడు.

సమాధుల తోటలో అయ్యగారు వాక్యం చెప్పారు. ఈ బిడ్డ విశ్వాసంలో నిలబడ్డాడు, అయితే ఒక స్త్రీ అవిశ్వాసపు మాట శత్రువుకు తలుపు తెరిచింది అన్నారు. ఒక స్త్రీ అన్నారు, పేరు చెప్పలేదు. పేరు చెప్పే ధైర్యం కూడా లేదు. చిన్నత్త అక్కడే, గుంట దగ్గర మట్టి గుప్పిట్లో పట్టుకుని నిలబడి ఉంది. అయ్యగారూ ఆ మాట వెనక్కు తీసుకోండి, అతన్ని చంపింది మీరు చెప్పించిన అబద్ధం, ఈమె చెప్పిన నిజం కాదు అని అందరి ముందూ అన్నాను. ఆ రోజు మాత్రం ప్రతి మాటా బయటికి వచ్చింది. నా తరగతిలో కూర్చుని నవ్విన ఆడవాళ్ళు, ఏదైనా మొహం మీదే అడిగే ఆ ఆడవాళ్ళే, నేల చూపులు చూశారు. ఆడబిడ్డ తల్లి దగ్గరకొచ్చి, ఆమె గుప్పిట విప్పి, ఆ మట్టి కింద పడేలా దులిపేసి వెనక్కు వెళ్ళిపోయింది.

మరుసటి ఏడు అయ్యగారికి గుండెలో నొప్పి వచ్చింది. వేలూరు తీసుకుపోయారు. అక్కడ ఆపరేషను చేశారు, మంచి డాక్టర్లు, బాగా చూసుకున్నారు. తిరిగొచ్చి మాత్రలు వేళకు మింగేవారు. మా మామ బీపీ మాత్ర కూడా ఒక్క పొద్దూ తప్పేది కాదు. బతకడం కోసం వాళ్ళు మాత్ర మింగడాన్ని నేను తప్పు పట్టడం లేదు. ఆ మాత్ర మింగిన నోటితో, చనిపోయిన ఆ అల్లుడి పేరెత్తి ఒక్క ఆదివారమైనా క్షమించమనలేదే అని నా బాధ. మా మామ చివరి రోజుల్లో నేనే గంజి తాగించాను. చిన్నత్త తలాపున కూర్చుని ఒళ్ళు తుడిచేది. ఆమెను చూసి కళ్ళలో నీళ్ళు పెట్టుకునేవాడు, నోరు మాత్రం విప్పలేదు. ఆయనను ఆమె క్షమించింది. నేను ఈనాటికీ సగమే క్షమించాను.

ఒక్క సంగతి చెప్పకపోతే కథ సగంలో ఆపినట్టవుతుంది. ఒక వేసవిలో కార్వేటినగరం వైపు నుంచి ఎవరో ముక్కూ మొహం తెలియని ఆడమనిషి బుట్ట నిండా మామిడికాయలు తలకెత్తుకుని మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆ రోజు పందిట్లో ఉన్నదట. తానూ మాత్రలు ఆపేసిందట. ఆ కేక విని మర్నాడే ఆసుపత్రికి పోయిందట, ఇప్పుడు కొండెక్కి కట్టెలు తెచ్చుకుంటోందట. వచ్చినావిడ కాళ్ళు పట్టుకోబోతే చిన్నత్త గబుక్కున లేపి, ఆ మనిషి వీపు మీద చెయ్యి వేసి, ఊపిరి పీల్చు అని, ఆ ఊపిరి చప్పుడును తన అరచేత్తో వింటున్నట్టు చాలాసేపు అట్లాగే ఉంది. మాత్రలిచ్చే ఆయన కూడా, ఆ కూటాల తర్వాత మానేసినవాళ్ళు కొందరు సిగ్గుపడుతూ తిరిగొచ్చారని నాతో అన్నాడు. కాబట్టి నిజం వృథా పోలేదు. అయితే దాని ఫలం తిన్నది వేరేవాళ్ళు, దాని దెబ్బ తిన్నది ఆమె. నేను తరగతిలో నిజాయితీకి ఫలితం ఉంటుందని చెప్పినప్పుడు ఈ రెండోది చెప్పలేదు, అప్పటికి నాకూ తెలియదు.

చిన్నత్త మా ఇంట్లోనే పోయింది. కూతురు వచ్చింది, గడప దాటకుండా చూసి పోయింది.

ఇప్పుడు నగరికి పోతే చాలా మగ్గాలు పాత ఇనుము కొనేవాళ్ళకు వెళ్ళిపోయాయి, పగటిపూట ఆ వీధి నిశ్శబ్దంగా ఉంటుంది, నాకది ఇప్పటికీ అశుభంగానే తోస్తుంది. రేకుల మందిరం చోట అంతస్తుల మేడ లేచింది. లోపల చాపలు లేవు, ఒకరి మొహం ఒకరు చూసుకునేలా కూర్చునే చోటు లేదు, అందరూ వేదిక వైపే చూస్తారు. పెద్దవాళ్ళకు తరగతి లేదు. నేను ఇక్కడ తిరుపతిలో మా సందు చివర నలుగురైదుగురు ముసలివాళ్ళం చేరే చిన్న సహవాసానికి పోతాను. నా దేవుడు నాకు దూరం కాలేదు, ఆయన పేరు వాడుకున్నవాళ్ళ మీదే నా కోపం.

నిరుడు ఒక పెళ్ళిలో ఆడబిడ్డ ఎదురుపడింది. జుట్టు పూర్తిగా నెరిసింది. పక్కన మనవరాలు. వదినా బాగుండావా అని చెయ్యి పట్టుకుంది. మాటల్లో మనవరాలికి నన్ను చూపిస్తూ, మా అమ్మ నోరు మూసుకోనుంటే మీ తాత బతికుండేవాడు అని, ఏ కోపమూ లేకుండా, ఆ ఏడు వానలు పడలేదు అన్నంత మామూలుగా అంది. ఆ పిల్ల తలూపింది. చిన్నప్పటి నుంచీ వింటున్న మాట కాబోలు. నేను ఆ పిల్లను పక్కకు కూర్చోబెట్టుకుని జరిగింది జరిగినట్టు చెప్పాను. ఓపికగా వింది. పెద్దావిడ ఏదో అంటోందిలే అన్నట్టు నవ్వి, ఆకలేస్తోంది భోజనానికి రండి అమ్మమ్మా అని లేచింది.

ఆ పందిట్లో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఒకప్పుడు ఈ కోపాన్ని తీసెయ్యమని దేవుణ్ణి వేడుకునేదాన్ని. ఇప్పుడు నాతో పాటే ఇదీ పోతే చిన్నత్త తరఫున కోపగించుకునేవాళ్ళు ఇంకెవరూ మిగలరే అని దిగులుగా ఉంది.